వాళ్ళ కారులో తిరువళ్ళూరుకు

తలుపు చప్పుడు లేకుండా మూసుకుంది. బస్సు తలుపైతే చెంప మీద కొట్టినట్టు పడుతుంది, షేర్ ఆటోకు తలుపే ఉండదు, ఈ కారు తలుపు మాత్రం ఎవరికీ వినపడకూడదన్నట్టు మెల్లగా అతుక్కుంది, అప్పుడే తెలిసింది నాకు, ఎక్కకుండా ఉండాల్సిందని. కానీ ఎక్కేశాను. పదకొండు గంటలకు తిరువళ్ళూరులో విచారణ, అరక్కోణం దగ్గర సిగ్నళ్ళు పోయి లోకల్ రైళ్ళన్నీ ఆగిపోయాయని తిరుత్తణి స్టేషన్‌లో మైకు చెప్పిందే చెబుతోంది, రైలు జనమంతా బైపాసు మీదికి వచ్చి పడ్డారు, వచ్చే బస్సు వచ్చినట్టే మెట్ల మీద వేలాడే మనుషులతో ఆగకుండా పోతోంది, యువరాణి ఫైలును గుండెకు అదుముకుని ప్రతి బస్సు వెంటా నాలుగడుగులు పరుగెత్తి వెనక్కి వస్తోంది, అప్పుడు ఈ తెల్ల కారు మా ముందు ఆగింది, అద్దం దిగింది, రఘు తల బయటికి వచ్చింది. "ఎక్కండి. కొట్లాడేది ఆఫీసులో కొట్లాడుకుందాం, రోడ్డు మీద ఎండలో ఏంది." నవ్వుతూనే అన్నాడు. మా ఊరి తిరుమలయ్య కొడుకు. విచారణ ఈ రఘు కూతురు వర్షిత మీద. ఫిర్యాదు రాసింది నేను. వర్షిత పేరు కొట్టేస్తే ఆ సీటు రావాల్సింది నా చెల్లెలు యువరాణికి. ఒక మెడికల్ సీటు, దానికి రెండు వైపులా నిలబడ్డవాళ్ళం, ఒకే కారులో.

వెనక సీటులో వర్షిత ఒక కిటికీకి, నేను ఇంకో కిటికీకి, మధ్యలో యువరాణి. ముందు సీటులో తిరుత్తణి కొండ మీది పూలదండ, విభూతి పొట్లం కూర్చున్నాయి. పొద్దున్నే కొండెక్కి అర్చన చేయించుకుని వస్తున్నట్టున్నారు. "ఏసీ ఎక్కువుంటే చెప్పు జీవా" అన్నాడు రఘు. పరవాలేదు సార్ అన్నాను. సార్ అనడం నేను కాలేజీ ముగించిన ఏడాది మొదలుపెట్టాను. మా నాయన ఈయన్ను చిన్నయ్యా అంటాడు, ఈయన నాయన్ను పెద్దయ్యా అంటాడు, మా అమ్మ అలమేలు అసలేమీ అనదు, కొంగు సర్దుకుని పక్కకు తప్పుకుంటుంది. ఊళ్ళో మిగతా వాళ్ళంతా రఘన్నా అంటారు. నేను అన్నా అంటే పలకకుండా పోడు, పలుకుతాడు, మరునాడు చెరుకు తోటలో మా నాయనకు పని ఉండదు. సార్ అంటే ఆఫీసు మాట. అందులో వంగడం ఉండదు, చుట్టరికమూ ఉండదు. ఆ ఒక్క మాట దొరకడానికి నాకు మూడేళ్ళ డిగ్రీ పట్టింది.

"యువా, ఒక ఫోటో" అంది వర్షిత, ఫోను చాపి. యువరాణి నా వైపు చూడనైనా లేదు, ఫోను ముందుకొస్తే పళ్ళు కనపడాలన్న అలవాటు ఈ పిల్లలందరికీ ఉంది, నవ్వేసింది. "తీసుకోండి, తీసుకోండి, పిల్లోళ్ళు" అన్నాడు రఘు, అద్దంలోంచి చూస్తూ. ఫోటోలో నా భుజం కూడా పడి ఉంటుంది. అయిదేళ్ళు ఒకే గేటులోంచి బడికి పోయిన పిల్లలు, ఫోటో తీసుకోవడానికి కారు దొరకాల్సి వచ్చింది.

మా ఊరి బడి వాళ్ళ స్థలంలో ఉంది. ఇది వాళ్ళు రోజూ చెప్పే మాట కాదు, రోజూ చెప్పాల్సిన అవసరం లేని మాట. తిరుమలయ్య వాళ్ళ తాత ఎప్పుడో సర్కారుకు దానం చేశాడు, గేటు మీద ఆయన పేరుంది. నేను చదివిన రోజుల్లో ఊరి పిల్లలు ఆ గేటులో అడుగు పెట్టేవాళ్ళు కాదు, పొద్దున్నే పసుపు పచ్చ వ్యాన్లు వచ్చి వాళ్ళను ప్రైవేటు మెట్రిక్ స్కూళ్ళకు ఎత్తుకుపోయేవి, మిగిలింది మా కాలనీ పిల్లలం, ఊళ్ళో బీదవాళ్ళు కొందరు. అప్పుడు దాన్ని కాలనీ బడి అనేవాళ్ళు, ముక్కు ఎగబీల్చి. తర్వాత గవర్నమెంటు బడిలో ఆరు నుంచి పన్నెండు దాకా చదివిన పిల్లలకు మెడికల్ సీట్లలో వేరే కోటా వస్తుందన్న మాట వినపడింది. ఆ ఏడాది వ్యాన్లు రాలేదు. మెట్రిక్ స్కూలు సాక్సులు వేసుకున్న పిల్లలు మా గేటులోంచి నడిచి వచ్చారు. యువరాణి అప్పుడే ఆరులో చేరింది, ఇంటికొచ్చి ఎగురుతూ చెప్పింది, వర్షిత మా బళ్ళో చేరిందక్కా అని. నాకూ సంతోషమే అయింది, దాచుకోవడం దేనికి. ఒకే బెంచీ మీద కూర్చుంటారు గదా అనుకున్నాను, పిచ్చిదాన్ని. నెల తిరక్కముందే ఇంగ్లీషు మీడియం పెట్టారు. అది 'ఏ' సెక్షన్. మేడ మీద కొత్త గది, తిరుమలయ్య కట్టించి ఇచ్చాడు. తమిళ మీడియం బీ సెక్షన్, కింద రేకుల షెడ్డు. ఎవరు ఎందులో కూర్చోవాలో ఎవరూ చెప్పలేదు. హెడ్మాస్టర్ నటరాజు సార్ మా అమ్మను పిలిపించి మెల్లగా అడిగాడంట, "ఇంగ్లీషు మీడియమైతే ఇంట్లో ఎవురు చెప్పిస్తారు అలమేలూ, పిల్ల పావం గదా" అని. పావం అనే ఆ ఒక్క మాటతో నా చెల్లెలిని షెడ్డులో కూర్చోబెట్టారు. అంతా చట్టప్రకారమే. మీడియం వేరు, అంతే, కులం పేరు ఎక్కడా లేదు. పేరు లేకుండానే మేడ మీద ఎవరో, రేకుల కింద ఎవరో మా ఊళ్ళో పాలు పోసే మనిషి కూడా కళ్ళు మూసుకుని చెబుతాడు.

పొన్‌పాడి వైపు నుంచి వచ్చిన కంకర లారీ ఒకటి మా ముందు దారి మూసేసి పాకుతోంది. రఘు హారన్ కొట్టడం లేదు. తొందర లేదు ఆయనకు. విచారణ జరక్కపోయినా ఆయనకు నష్టం లేదు, జరగాల్సింది మాకు, ఎదురు చూడ్డం ఎప్పుడూ మా వంతే. చేతిలో స్టీరింగ్ ఉన్నవాడికి రోడ్డు ఎప్పుడూ సరిపోయినంత పొడుగే ఉంటుంది.

పదకొండో తరగతి, అదే ప్లస్ వన్ నుంచి వర్షిత ఆ మేడ మీద కూడా కనపడలేదు. పూందమల్లి వైపు ఏదో కోచింగ్ హాస్టల్లో ఉందని ఊరంతా తెలుసు. పండగలకు ఈ కారులోనే వచ్చి పోయేది. ప్రాక్టికల్స్‌కు వచ్చింది, పరీక్షలకు వచ్చింది, బడి లెక్కలో మాత్రం రెండేళ్ళూ రోజూ వచ్చింది. మార్కులు దొంగిలించలేదు ఆమె, చదివే రాసింది, అది నేను ఎక్కడైనా చెబుతాను. దొంగిలించింది మా బడిని. ఇష్టం లేనన్నాళ్ళు మాకు వదిలేశారు, కోటా వచ్చాక తీసుకున్నారు, తీసుకుని అందులో కూర్చోనైనా కూర్చోలేదు. కూర్చున్నది యువరాణి. ప్లస్ టూ ఫిజిక్సుకు బీ సెక్షన్‌లో టీచరు లేదు, పోస్టు ఖాళీ అన్నారు, 'ఏ' సెక్షన్‌కు మాత్రం తిరుమలయ్య బయటి నుంచి ఒకాయన్ను పిలిపించాడు. యువరాణి మధ్యాహ్నం అన్నం తొందరగా తిని మేడ మెట్ల మీద సగంలో నిలబడి వినేదంట. ఎవరైనా దిగుతుంటే నీళ్ళ సీసా చూపించేది, నీళ్ళకు వచ్చానని. ఆ సీసా నిండుగా ఉన్నా అదే చెప్పేది. ఇవి నాకు చెప్పినప్పుడు నవ్వుతూ చెప్పింది, నేను నవ్వలేదు, ఆవడి నుంచి వచ్చిన రైలు చెమటతో అలాగే కూర్చుని విన్నాను. ఆవడి దగ్గర ఒక మందుల కంపెనీలో మాత్రల పట్టీలు పరీక్ష చేసే పని నాది. ఎక్కడ ఒక గుంట ఖాళీగా ఉన్నా, మాత్ర లేకుండా అట్ట అతుక్కుపోయి ఉన్నా, తీసి పక్కన పడేయాలి. పైకి చూస్తే అన్ని పట్టీలూ ఒకేలా మెరుస్తాయి. వేలితో తడమాలి. రోజంతా తడుముతాను. ఆ అలవాటుతోనే ఈ ఫిర్యాదు రాశాను అనుకుంటాను.

"జీవా, నువ్వు చదువుకున్నదానివి" అన్నాడు రఘు. ఇలా మొదలైన మాట ఎప్పుడూ మంచిగా ముగియదు. "మా పాప మార్కులు నీకు తెలుసు గదా. నీ చెల్లెలి కన్నా ఎక్కువ. ఎక్కువొచ్చిన దానికే సీటు పోవాల, అదే గదా న్యాయం."

"అట్లయితే జనరల్ వరసలో నిలబడొచ్చు గదా సార్. ఆడ కోటా లేదు, ఉత్త మార్కులే."

అద్దంలో ఆయన కళ్ళు ఒక్క క్షణం నా మీద ఆగి రోడ్డు మీదికి పోయాయి. జనరల్ వరసలో ఆమెకు రాదు. అక్కడ నగరాల పిల్లలు ఉన్నారు, ఇంకా పెద్ద హాస్టళ్ళ పిల్లలు, అక్కడ వర్షితే షెడ్డు పిల్ల. ఆ సంగతి మా ముగ్గురికీ తెలుసు, వర్షితకు అందరికన్నా బాగా తెలుసు, ఫోను మీద వేలు ఆడించడం ఆపేసింది. పైవాళ్ళ ముందు వీళ్ళు "మేము పల్లెటూరోళ్ళం, గవర్నమెంటు బడి పిల్లలం" అంటారు. మా ముందుకు వస్తే మార్కులు అంటారు. న్యాయం అన్న మాటను వాళ్ళు చెప్పులా వాడతారు, ఇంట్లోకి పోతే విడుస్తారు, బయటికి వస్తే తొడుక్కుంటారు.

మొదటి పట్టభద్రురాలు అని నాకు తాసిల్దారు సర్టిఫికెట్ ఇచ్చాడు. ఇంట్లో డిగ్రీ దాకా పోయిన మొదటి మనిషి అని. దానితో వచ్చే ఫీజు తగ్గింపు ఇంటికి ఒకరికే. నేను తీసుకున్నాను కాబట్టి యువరాణి మొదటిది కాదు. ఆ రోజు అమ్మ ఆ కాగితాన్ని బైబిల్లో పెట్టి ముద్దు పెట్టుకుంది, నాకు తెలుగు అక్షరాలు నేర్పింది ఆ బైబిలే, బళ్ళో అంతా తమిళమే, ఇంట్లో మాట్లాడే మాటను రాయడం ఆ పుస్తకం పక్కన కూర్చుని నేర్చుకున్నాను. అవ్వ తెచ్చిన పుస్తకం. అవ్వ ఎందుకు చర్చికి పోయిందంటే పెద్ద కథేమీ లేదు, అక్కడ బెంచీ మీద కూర్చోమన్నారు. అంతే. బతుకంతా నిలబడిన మనిషిని కూర్చోమంటే కూర్చుంది. మా నాయనకు అప్పటికే ఎలుమలై అని ఏడుకొండలవాడి పేరు పెట్టేశారు, పాస్టరు దానికి ముందు జాన్ తగిలించాడు, జాన్ ఎలుమలై. సర్కారు ఏమందంటే, మతం మారారు గనక ఇక మీరు ఎస్సీ కాదు, బీసీ అంది. కాలనీ మారలేదు. కాలనీకి నీళ్ళు వదిలే వంతు మారలేదు. ఊళ్ళో టీ కొట్టులో మా నాయనకు ఇచ్చే కాగితం కప్పు మారలేదు, మిగతా వాళ్ళకు గాజు గ్లాసే. కాగితాల మీద మాత్రం మేమూ తిరుమలయ్య కుటుంబమూ సమానమైపోయాం, ఒకే వరస, బీసీ. గవర్నమెంటు బడి కోటాలో ఆ వరసలో వర్షిత ముందు, యువరాణి ఆ వెనకే, మిగిలేది ఒక్క సీటు. ఈ దేశంలో మమ్మల్ని వాళ్ళ పక్కన నిలబెట్టిన చోటు అదొక్కటే, అదీ ఒకరినొకరం తోసుకోవడానికి.

దారిలోని కనకమ్మసత్రం ఇంకా రాలేదు. ఎండలో వేరుశనగ చేలు తెల్లగా మండుతున్నాయి. రఘు గొంతు ఈసారి మెత్తగా వచ్చింది, చక్కెర వేసినట్టు. "నేనొక మాట చెప్తా, కోపం పెట్టుకోవద్దు. మా బావకు నర్సింగ్ కాలేజీ ఉండాది, తెలుసు గదా. యువరాణికి సీటు నేనిప్పిస్తా. హాస్టలు, బుక్స్, అన్నీ నా పూచీ. మూడు నాలుగేండ్లలో చేతికి ఉద్యోగం. ఊళ్ళో ఒక డాక్టరు, ఒక నర్సు. ఇద్దరూ మన పిల్లోళ్ళే."

ఊళ్ళో ఒక డాక్టరు, ఒక నర్సు. మేడ మీద ఒకరు, కింద ఒకరు. ఆయన దుర్మార్గంగా అనలేదు, అదే నన్ను కాల్చింది, నిజంగా మాకు మంచి చేస్తున్నాననే అనుకుంటున్నాడు, లోకం పొందికగా ఉండడం అంటే ఆయనకు అదే. నేను నోరు తెరిచేలోగా యువరాణి అడిగింది, బళ్ళో సందేహం అడిగినట్టు, "ఆ కాలేజీ అంత మంచిదైతే వర్షితను చేర్పించొచ్చు గదా సార్?" వెటకారం లేదు గొంతులో, అందుకే ఇంకా గట్టిగా తగిలింది. రఘు నవ్వాడు గానీ ఆ నవ్వు మధ్యలోనే రోడ్డు చూసుకోవాల్సి వచ్చింది.

అప్పుడు వర్షిత మాట్లాడింది. ఎక్కినప్పటి నుంచి ఫోటో తప్ప మాట లేని పిల్ల. యువరాణితో కాదు, నాతో. "నేనొకటి అడుగుతా అక్కా. మీరు అసలు ఎస్సీ గదా. మీ కోటాలో మీకు ఈ మార్కులకు సులువుగా వచ్చుండేది. మీరు మతం మారి మా వరసలోకి వచ్చి నా సీటు అడగతా ఉండారు. మిమ్మల్నెవురు మారమన్నారు?"

"గమ్మునుండు పాపా" అన్నాడు రఘు. కానీ ఆపాలని అనలేదు. విన్నాను నేను, ఆపాలని అనే గొంతు వేరే ఉంటుంది.

"మీ తాతే" అంది యువరాణి.

"మా తాతేం చేసినాడు?"

"అడుగు పోయి."

వర్షితకు తెలియదు. నిజంగానే తెలియదు, ఆ మొహం చూస్తే తెలుస్తుంది, ఆ మొహం మీద ఏ మరకా లేదు. తిరుమలయ్య పెళ్ళి ఊరేగింపు పోతుంటే మా అవ్వ కూర్చున్న చోటు నుంచి లేచి తప్పుకోలేదని ఆమెను ఏం చేశారో మా ఇంట్లో పిల్లలకు అన్నం కలిపి పెడుతూ చెబుతారు, వాళ్ళ ఇంట్లో చెప్పరు. మాకు జ్ఞాపకం, వాళ్ళకు అమాయకత్వం, పంపకాలు ఇలా జరిగాయి. నాకు ఆ పిల్ల మీద జాలి పుట్టాల్సింది, పదిహేడేళ్ళ పిల్ల, రెండేళ్ళు హాస్టలు గదిలో లైటు కింద నలిగి ఉంటుంది, ఇంటి మీద బెంగ పడి ఉంటుంది, వాళ్ళ నాయన చెప్పిన చోట కూర్చుంది, చెప్పని చోట కూర్చోలేదు. తెలుసు నాకు. జాలి మాత్రం రాలేదు. రావాలని కూడా అనిపించలేదు. ఇప్పటిదాకా జాలి పడే పనీ మాదే, పావం అనిపించుకునే పనీ మాదే, ఒక్కసారి ఆ సంచీ వాళ్ళనూ మోయనీ.

నా ఫోను మోగింది. సోఫియా. యువరాణి క్లాసు పిల్ల, మా కాలనీయే, పక్క సందు. విచారణకు సాక్షులు ఉంటే తీసుకురండి అన్నారు, వర్షిత రెండేళ్ళు బడికి రాలేదని బీ సెక్షన్ పిల్లలందరికీ తెలుసు, అందరి నాయనలూ తిరుమలయ్య బోరు నీళ్ళ మీద, చెరుకు కోత మీద బతికేవాళ్ళే, ఎవరూ రామన్నారు. సోఫియా వస్తానంది, ఆమెను చూసి సుభాష్ అనే పిల్లవాడు వస్తానన్నాడు. మాతో కలిసి కనపడకూడదని వాళ్ళు ఊరి నుంచి వేరే బస్సెక్కారు, మేము రైలు అనుకున్నాం. ఆ ఇద్దరూ లేకపోతే నా ఫిర్యాదు ఒక ఓడిపోయిన పిల్ల అక్క ఏడుపు, అంతకు మించి ఏమీ కాదు.

"యాడుండావు అక్కా?" అంది సోఫియా. వెనక బస్సు రొద.

"వస్తా ఉండాం. మీరు యాడికి వచ్చినారు?"

"కార్లో వస్తా ఉండారంట గదా. చల్లంగా ఉండాదా?"

నాకు అర్థం కాలేదు. అయింది. "నీకెవురు చెప్పినారు?"

"క్లాసు గ్రూపులో పెట్టింది గదా ఆ యమ్మి. ఇద్దరూ పళ్ళికిలించుకోని, పక్కన నీ భుజం. కింద రాసింది, ఒకే ఊరు ఒకే కుటుంబం అని. మా నాయనకు గూడా ఎవురో చూపించినారు, ఫోన్ చేసి తిడతా ఉండాడు, వాళ్ళు వాళ్ళు రాజీ అయిపోయినారు, మధ్యలో నువ్వు పోయి బోరు నీళ్ళు ఆపిస్తావా అని. మేమిప్పుడే తిరుత్తణి దాటినాం, కనకమ్మసత్రం దాకనే టికెట్ తీసుకోని ఆడ దిగి ఎనక్కి పోతాం. సుభాష్ అప్పుడే లేచి నిలబడినాడు."

ఫోటో. తీసుకోండి, తీసుకోండి, పిల్లోళ్ళు. రైళ్ళు ఆగిపోవడం ఆయన చేసింది కాదు, ఎండ ఆయన చేసింది కాదు, మమ్మల్ని బైపాసు మీద చూడ్డం కూడా అనుకోకుండానే జరిగి ఉంటుంది, దొరికినదాన్ని దొరికినట్టు వాడుకోవడం వాళ్ళకు తాతల నాటి చదువు. ఊరోళ్ళ కారు ఎక్కితే మా వీధిలో ఇంకో అర్థం లేదు, ఎక్కినవాడు లొంగిపోయినట్టే, ఆ మాట మా నాయనకు తెలుసు, ఎవరి ముందూ నోరెత్తని మా అమ్మకు కూడా తెలుసు, నాకే తెలియలేదు. పదకొండు గంటలు అనే మాట ఒక్కటే పట్టుకుని ఎక్కేశాను. టైముకు పోవాలి, కాగితాలు సరిగా ఉండాలి, మర్యాదగా మాట్లాడాలి, కాలేజీ నాకు నేర్పింది ఇవే, ఏ కారు ఎక్కకూడదో నేర్పలేదు.

"సోఫియా, దిగొద్దు" అన్నాను. గొంతు తగ్గించలేదు, రఘు వినాలనే అన్నాను. "మీ బస్సు మా ఎనకే ఉండాది. కనకమ్మసత్రం దాటినాక ఎడమ పక్క రోడ్డు చూస్తా రా. మేము కనపడకపోతే ఆడనే దిగి ఇంటికి పో. రోడ్డు మీద కనపడితే బస్సు ఆపించు."

ఫోను తెగిపోయింది. పెట్టేసిందో, లైను పోయిందో.

"ఆపండి సార్, దిగుతాం."

"ఈడ యాడ దిగతావు, హైవే ఇది" అన్నాడు రఘు. కారు వేగం తగ్గలేదు, ఇందాకటి దాకా లారీ వెనక పాకిన మనిషి ఇప్పుడు ఆ లారీని దాటేశాడు. కనకమ్మసత్రం అంగళ్ళు, కొబ్బరి బోండాల కుప్పలు, బస్టాపు, అన్నీ అద్దంలోంచి వెనక్కి పోయాయి. "తిరువళ్ళూరు ఇంకెంత, ఆఫీసు గేటు తావనే దింపుతా. ముగ్గురూ కలిసి దిగితే ఏమైంది, తప్పా? ఆ పిల్లోళ్ళ మాట పట్టుకోని ఎండలో నిలబడతావా?" తలుపు పిడి లాగాను, రాలేదు. ఆయన దగ్గర ఏదో మీట ఉంటుంది. మళ్ళీ లాగాను. వర్షిత నా చేతి వైపు చూస్తోంది, భయమో అసహ్యమో, ఆ పిల్ల ఒళ్ళంతా కిటికీకి అతుక్కుపోయింది. నాకు అరవడం రాదు. ఎప్పుడూ అరవలేదు. అరిస్తే కాలనీ బుద్ధి అంటారని చిన్నప్పటి నుంచి గొంతులోనే పెట్టుకున్నాను, ఇప్పుడు కావాల్సినప్పుడు అది ఎక్కడుందో దొరకలేదు.

"సార్" అంది యువరాణి. "నాకు వాంతి వస్తా ఉండాది."

బ్రేకు ఎంత గట్టిగా పడిందంటే ముందు సీటులోని పూలదండ కిందికి జారిపోయింది. లాకు తెరుచుకున్న చప్పుడు ఈసారి బాగా వినపడింది. "దిగు, దిగు, బయటికి దిగు ముందు" అంటున్నాడు రఘు, మర్యాద ఏమైపోయిందో, ఊరి గొంతు, పెద్దయ్య గొంతు, ఇంతసేపూ ఏసీ కింద దాక్కున్న గొంతు. నేను దిగాను, యువరాణి ఫైలు పట్టుకుని నా వెనకే దిగింది, రోడ్డు పక్క వంగలేదు, నిటారుగా నిలబడి జడ ముందుకు వేసుకుంది. వాంతీ లేదు ఏమీ లేదు. రఘు చూశాడు. ఏదో అనబోయాడు. అద్దం పైకి లేచింది. కారు కంకర చిమ్ముకుంటూ పోయింది, వెనక అద్దంలోంచి వర్షిత తల తిప్పి చూస్తోంది, ఆ చూపులో ఏముందో నేను చదవలేదు. చదవడం నా పని కాదు ఇవాళ.

ఎడమ పక్క చెట్టు కూడా లేదు. లారీ వచ్చి దుమ్ము కొట్టి పోయింది. ఒక బస్సు వచ్చింది, అది తిరుపతి బస్సు, ఆగలేదు. బస్సులో ఆ ఇద్దరూ లేకపోతే ఏం చేయాలో నేను ఆలోచించలేదు. మేమిద్దరమే విచారణకు పోతే, నా మాట, నటరాజు సార్ మాట, ఎవరి మాట నిలుస్తుందో వెతకాల్సిన పని లేదు. "నర్సింగ్ ఒప్పుకొనుంటే నాయనకు పని పొయ్యేది కాదు గదక్కా" అంది యువరాణి, నా వైపు చూడకుండా. "పోదు" అన్నాను. ఇద్దరికీ తెలుసు పోతుందని.

ఆకుపచ్చ టౌన్ బస్సు ఒకటి ఒరిగిపోయినట్టు వచ్చింది, మెట్ల మీద మనుషులు, కిటికీల్లోంచి సంచులు. ఆగేటట్టు లేదు. మా ముందు నుంచి పోయింది. పోయి, దూరంగా, ఎవరో లోపలి నుంచి రేకును దబదబా బాదుతున్న చప్పుడుతో ఆగింది. మేము పరుగెత్తాం. ఇక్కడ స్టాపు లేదు, తొందరగా ఎక్కమని కండక్టరు తమిళంలో తిడుతున్నాడు, "ఇంగె స్టాపింగే ఇల్లమ్మా, ఏరు, సీక్రం ఏరు." ఎక్కాం. సోఫియా మెట్ల దగ్గరే నిలబడి ఉంది, బాదిన చెయ్యి ఇంకా రేకు మీదే ఉంది. సుభాష్ ఆమె వెనక, తల దించుకుని. నవ్వలేదు సోఫియా, జరగనూ లేదు, మేమే ఇరుక్కుని నిలబడ్డాం.

"ఏమిస్తానన్నాడు?" అంది.

"నర్సింగ్ సీటు" అంది యువరాణి.

"ఒప్పుకొనుంటే?"

"నీగ్గూడా ఒకటి అడిగుంటా."

సోఫియా మొహంలో ఏ మార్పూ లేదు. వచ్చే నెల ఫోన్ల కంపెనీలో చేరుతోంది ఆ పిల్ల, కంపెనీ బస్సు కాలనీ దాకా వస్తుందంట, మెడికల్ సీటుతో ఆమెకు ఏ సంబంధమూ లేదు. నాకు భయం వేసింది, మేము ఆ కారులో ఎందుకు ఎక్కామో చెప్పుకోవాలనిపించింది, రైళ్ళు, ఎండ, పదకొండు, అన్నీ నోటి దాకా వచ్చాయి.

"సోఫియా, మమ్మల్ని నువ్వు నమ్మకపోయినా..."

"నిన్ను నమ్మేదేంది అక్కా" అంది సోఫియా. "నేను నీ కోసరం రాలేదు. మేడ మీద రూము రోజూ చిమ్మేదానికి నటరాజు సార్ మమ్మల్నే పంపించేటోడు, మా సెక్షన్ ఆడపిల్లోళ్ళను. మొదటి వరసలో ఆ యమ్మి తావు. రెండేండ్లు తుడిచినా నేను. కూచున్న బెంచీకి దుమ్ము అంటదు అక్కా, గుడ్డలకే పోతుంది. దానికి మాత్రం దినమూ దుమ్మే. ఎవురూ కూచోని దాన్ని నా చేత ఎందుకు తుడిపించినారో ఆ ఆఫీసరును అడగల్ల నేను."

టికెట్ అన్నాడు కండక్టరు. తిరువళ్ళూరు, నాలుగు, అంది సోఫియా.